ఏడో క్లినిక్కు ఫోను

తాళాలాయన వృత్తికి ఫోన్ల మనిషి. ఊళ్లోని పెద్ద ఆసుపత్రి బ్లడ్ బ్యాంకు మేడమీద, ఒకప్పుడు చీపుళ్లూ బకెట్లూ పెట్టుకున్న గదిలో ఆయన సర్వరు ఉంది. సర్వరంటే గాజు తలుపుల బీరువా ఏదో ఊహించుకునేరు. ఆఫీసులో పనికిరాదని మూల పడేసిన పాత కంప్యూటరే అది. దానిలోని సాఫ్ట్‌వేరును ఎవరైనా ఉచితంగా దింపుకుని, లోపలి సరుకంతా విప్పి చూసుకుని, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. ఫోన్ కంపెనీ తీగలతో పనిలేకుండా, ఇంటర్నెట్టు మీదుగా ఏడు చిన్న క్లినిక్కుల ఫోన్లను అది బ్లడ్ బ్యాంకుతో కలుపుతుంది. ఎక్కడైనా రక్తం కావలసి వస్తే అక్కడి నర్సు రిసీవరు ఎత్తి ఒకటి నొక్కుతుంది. ఇక్కడ కింద కౌంటరులో ఫోను మోగుతుంది. మోగిన ఐదు నిమిషాల్లో రక్తం పెట్టె పట్టుకుని వ్యాను బయలుదేరుతుంది. ఆ మోగడమొక్కటి ఆగిందా, అవతల మనిషి ప్రాణం మీదికొస్తుంది.

ఈ సంగతి ఆయనకు తెలియక కాదు. మూడు నెలల కిందట ఈ పని ఒప్పుకున్నప్పుడు, ఆసుపత్రీ, బ్లడ్ బ్యాంకూ నడిపే డాక్టరమ్మ ఎదుట గుండెమీద చెయ్యేసుకుని మరీ చెప్పాడు.

"ఒక్క ఫోను కూడా తప్పిపోదండీ. నాదీ పూచీ."

డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. "తప్పిపోతే?"

"తప్పిపోదండీ."

ఆ మాట నమ్మే ఏడు క్లినిక్కుల వాళ్లూ, బ్లడ్ బ్యాంకు వాళ్లూ పాత ల్యాండులైన్లు పీకించేశారు.

ఇక ఆయనకు తాళాలాయన అన్న పేరు ఎలా వచ్చిందో చెప్పాలి. రెండేళ్ల కిందట ఒక లారీ ఆఫీసుకు ఇలాంటి సర్వరే పెట్టి, తొందరలో దానికి చంటిపిల్లలు కూడా చెప్పగలిగే పాస్‌వర్డు పెట్టాడు. ఇంటర్నెట్టులో ఇలాంటి సర్వర్ల కోసమే గాలించే దొంగలుంటారు. వాళ్లు శనివారం మధ్యాహ్నం దూరి, సోమవారం పొద్దుటికల్లా ఆ లైను మీద ప్రపంచంలో ఉన్న దేశాలన్నింటికీ ఫోన్లు చేసేసుకున్నారు. లారీ ఆఫీసు యజమాని డ్రైవర్లందరినీ వరసగా నిలబెట్టి, వాళ్లముందు ఈయన్ని కడిగిపారేశాడు. తల కొట్టేసినట్టయింది. ఆ రోజునుంచీ ఆయనకు దొంగల భయం పట్టుకుంది. ఒక్కో ఫోనుకు ఇరవైనాలుగు అక్షరాల పాస్‌వర్డు. నెలకోసారి అన్నీ మార్చెయ్యడం. మార్చినవి నెట్‌లో పంపితే దారిలో ఎవరైనా చూస్తారని, మోటారుసైకిలు వేసుకుని ఏడు క్లినిక్కులూ తిరిగి, ఒక్కో ఫోను ముందూ కూర్చుని స్వహస్తాలతో కొట్టిరావడం. ఎవరైనా మూడుసార్లు తప్పు పాస్‌వర్డుతో వస్తే సర్వరు తలుపు వాళ్ల మొహాన పది నిమిషాలపాటు మూసుకునేలా అమర్చాడు. ఆ పది నిమిషాల్లో ఎన్నిసార్లు తట్టినా లెక్కలోకే రాదు. "ఈయన్ని వదిలేస్తే పంచదార డబ్బాకి కూడా పాస్‌వర్డు పెడతారు" అని భార్య నవ్వింది. పేరు పెట్టింది కూడా ఆవిడే. అది ఇల్లు దాటి, వీధి దాటి, బ్లడ్ బ్యాంకు దాకా వచ్చేసింది.

ఆ బుధవారం ఏడో క్లినిక్కుకు వెళ్లాడు. అది రాతి క్వారీ పక్కన, చుట్టూ గుట్టలున్న పల్లంలో ఉంది. సెల్‌ఫోను సిగ్నలు అంత లోతుకి దిగదు. ఇంటర్నెట్టు కేబులూ రాదు. అందుకని కప్పుమీద ఒక డిష్ పెట్టి, ఆకాశంలోంచి ఇంటర్నెట్టు తెప్పించి, దానికి ఒకే ఒక్క ఫోను తగిలించాడు. ఆ క్లినిక్కులో కాన్పులు చేసే నర్సు ఆయన సొంత అక్క. తల్లి పోయేనాటికి ఈయనకు నాలుగేళ్లు, ఆమెకు పదిహేను. ఎత్తుకుని పెంచింది, చెవి మెలేసి చదివించింది. ముక్కుమీద కోపం. తిట్టకుండా తమ్ముడితో నాలుగు మాటలు మాట్లాడడం ఆమెకు చేతకాదు. అయినా ఆయనకు కష్టమొచ్చిన ప్రతిసారీ కొండంత అండగా నిలబడింది. లారీ ఆఫీసులో పరువు పోయినప్పుడు, ఆ యజమాని దగ్గరికి వెళ్లి అరగంటసేపు దులిపేసి వచ్చింది కూడా ఆమే.

"ఒరేయ్, ఆ డిష్‌లోంచి ఇంటర్నెట్టు వస్తుందటగా. ఒక వైఫై డబ్బా తగిలించిపోరాదూ? ఈ ఫోను ఎప్పుడైనా మొరాయిస్తే మెసేజైనా పెట్టుకుంటాను," అంది అక్క.

"కుదరదక్కా."

"ఏం, ఎందుకు కుదరదు?"

"ఇంకో తలుపు తెరిచామంటే దాంట్లోంచి దొంగలు దూరతారు."

"ఈ రాళ్లగుంటలోకి ఏ దొంగొస్తాడ్రా? వచ్చినా ఏం పట్టుకుపోతాడు, నా బీపీ మిషనా?"

"నీకు తెలీదు, ఊరుకో."

"నాకు తెలీదా? నీకు ముక్కు చీదడం నేర్పినదాన్ని, నాకు తెలీదా?"

ఆయన ఫోను ముందు కూర్చుని పాస్‌వర్డు కొడుతున్నాడు. అంకెల బటన్ల మీదే అక్షరాలన్నీ ఉన్న పాతరకం ఫోను. ఒక్కో అక్షరానికీ మూడేసి నాలుగేసి సార్లు నొక్కాలి. తెరమీద చుక్కలు తప్ప ఏం పడిందో కనిపించదు. ఆమె తిడుతూనే ఉంది. పదకొండో అక్షరం దగ్గర "నీ మొండితనం మీ ఆవిడ ఎలా భరిస్తోందో" అంది. అక్కడ ఆయన నాలుగుసార్లు నొక్కాల్సింది మూడుసార్లు నొక్కాడు.

ఆయన పరీక్ష చేయకుండా కదిలే రకం కాదు. సరిగ్గా పన్నెండింటికి ఈ ఫోనుకు కాల్ చేసి, రికార్డు చేసి పెట్టిన తన గొంతు వినిపించమని సర్వరుకు పొద్దున్నే చెప్పి వచ్చాడు. పన్నెండు కొట్టింది, ఫోను మోగింది. అక్క ఎత్తి చెవిదగ్గర పెట్టుకుంది.

"ఇది పరీక్ష అంటున్నావు. ఎదురుగా కూర్చుని ఫోన్లో మాట్లాడతావేంరా?"

"వినిపించిందిగా? అయితే సరే."

నిజానికి ఇక్కడినుంచి బ్లడ్ బ్యాంకుకు కూడా ఒకసారి చేసి చూడాలి. మిగిలిన ఆరుచోట్లా చేశాడు. ఇక్కడ చేయలేదు. ఎందుకంటే అప్పుడే అక్క, "వైఫై పెట్టకపోతే ఈ డబ్బా తీసి గోడకేసి కొడతాను" అంది. ఆయన అరికాలి మంట నెత్తికెక్కింది. "కొట్టుకో!" అని హెల్మెట్టు తీసుకుని బయటికొచ్చి, వెనక్కి చూడకుండా బండి నడిపించేశాడు.

ఆ పరీక్షలో ఒక మోసం ఉంది. ఇలాంటి ఫోన్లు గంటకోసారి సర్వరుకు హాజరు చెప్పుకుంటాయి. ఒకసారి చెప్పాక, మళ్లీ గంటదాకా ఆ ఫోను ఉన్నట్టే సర్వరు లెక్క. ఏడో ఫోను పదకొండున్నరకు పాత పాస్‌వర్డుతో చెప్పిన హాజరు పన్నెండున్నర దాకా చెల్లుతుంది. పన్నెండింటికి మోగిన మోత దాని పుణ్యమే. పన్నెండున్నరకు ఫోను తప్పు పాస్‌వర్డుతో హాజరు చెప్పబోయింది, సర్వరు పొమ్మంది. అప్పటికి తాళాలాయన గుట్ట దిగి, చెరువుగట్టు దాటి, తనలో తాను గొణుక్కుంటూ సగం దారిలో ఉన్నాడు.

గురువారం పొద్దున సర్వరు గదిలోకి వచ్చి తెర చూశాడు. ఆరు ఫోన్లు పచ్చగా ఉన్నాయి. ఏడోది బూడిదరంగులోకి తిరిగింది. దానికంటే ఘోరం, సర్వరు తలుపు ఎవరెవరు తట్టారో రాసుకునే కింది చిట్టాలో ఎవరో కొత్తవాడు కనిపించాడు. ఇంటర్నెట్టు చిరునామా చూస్తే దేశం కాని దేశంలో ఉంది. ఏడో ఫోను పేరు చెప్పుకుని, తప్పుడు పాస్‌వర్డుతో లోపలికి రావాలని చూశాడు. నిన్న మధ్యాహ్నం ఒకసారి. సర్వరు పొమ్మంది.

ఆకాశంలోంచి ఇంటర్నెట్టు ఇచ్చే కంపెనీకి ఆఫీసు ఆ పరాయిదేశంలోనే ఉందని, అక్క డిష్‌నుంచి వచ్చేదేదైనా ఆ చిరునామాతోనే కనబడుతుందని ఆయనకు తెలిసే అవకాశం ఉంది. డిష్ పెట్టిననాడు వాళ్లిచ్చిన కాగితం సొరుగులోనే ఉంది. కానీ దొంగను చూసినవాడికి సొరుగు ఎందుకు గుర్తొస్తుంది?

'ఏడో ఫోను తీసేసి ఉందని పసిగట్టాడు వెధవ. ఆ పేరుతోనే దూరాలని చూస్తున్నాడు,' అనుకున్నాడు. అక్కే తీసేసిందని ఆయన లెక్క. అన్నంత పనీ చేసింది, డబ్బా పీకి గోడకేసి కొట్టింది. దాంతో దొంగకు సందు దొరికింది. ఇద్దరిమీదా కలిపి కోపమొచ్చింది.

ఆ రోజంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. మెట్లు దిగి కౌంటరు దాకా వెళ్లడం, ఫోను ఎత్తి డయల్ టోను విని పెట్టెయ్యడం, మళ్లీ పైకెక్కి తెర చూడడం. టీ తెప్పించుకుని తాగడం మరిచిపోయి, చల్లారాక మరొకటి తెప్పించుకున్నాడు. చిట్టాలో కొత్త వరస పడ్డప్పుడల్లా లేచి నిలబడుతున్నాడు.

అన్నిటికంటే ఆయన్ని భయపెట్టింది ఆ తట్టే తీరు. ప్రోగ్రాము తడితే గడియారం కొట్టినట్టు తడుతుంది, నిమిషానికి ఇన్నిసార్లని. ఇక్కడ అలా లేదు. మధ్యాహ్నం రెండుసార్లు వెంటవెంటనే, తరవాత గంటన్నర ఏమీ లేదు, ఆ తరవాత ఒకసారి, కాస్త ఆగి ఇంకోసారి. వెనక మనిషి ఉన్నాడు. ఓపికా ఉంది, కోపమూ ఉంది. ఆ మాత్రం ఆయన సరిగ్గానే చదివాడు. ఆ పాతరకం ఫోను ఒకసారి కాదనిపించుకుంటే మళ్లీ తనంతట తాను హాజరు చెప్పదు. ఎవరైనా రిసీవరు ఎత్తి నంబరు నొక్కితేనే ప్రయత్నిస్తుంది. అదీ ఆయనకు తెలిసిన విషయమే.

మధ్యాహ్నం డాక్టరమ్మ మేడెక్కి వచ్చింది.

"ఎవరో దొంగ పడ్డాడని కింద చెప్పుకుంటున్నారు, నిజమేనా?"

"పడలేదండీ. పడాలని చూస్తున్నాడు. నా దగ్గర వాడి పప్పులు ఉడకవు."

"మన ఫోన్లన్నీ బాగానే పనిచేస్తున్నాయిగా?"

"ఆరు పచ్చగా ఉన్నాయండీ. ఏడోది మా అక్కది. నామీద అలిగి తీసేసింది."

డాక్టరమ్మ మొహంలో నవ్వు పోయింది. "అలిగి తీసేసిందా? చూడండి, అది మీ ఇంటి గొడవ కాదు. అక్కడ నెలకి పన్నెండు కాన్పులవుతాయి. ఇవాళే వెళ్లి పెట్టించి రండి."

"వెళ్తానండీ. ఈ దొంగ సంగతి తేల్చుకుని వెళ్తాను. వీణ్ని వదిలిపెట్టి కదిలితే ఏడు ఫోన్లూ పోతాయి."

ఆవిడ తెరవంక చూసింది. నల్లటి తెరమీద తెల్లటి వరసలు ఆవిడకు ఏమీ చెప్పలేదు. తనకు తెలియని విద్యలో ఆయన్ని నమ్మక తప్పదు కనక, "మీ ఇష్టం, రేపటికల్లా అయిపోవాలి" అని దిగి వెళ్లిపోయింది.

సాయంత్రం ఇంట్లో భార్య కూరలు తరుగుతుంటే, ఆయన వంటగది గుమ్మంలో అటూ ఇటూ నడుస్తూ దొంగ కథంతా చెప్పాడు. ఆవిడ కత్తి ఆపి విన్నది.

"దొంగ సంగతి నాకు తెలీదు గానీ, వదిన తీసేసిందని మీకెవరు చెప్పారు?"

"తెరమీద కనిపిస్తోందిగా. బూడిదరంగు."

"వదినకి కోపమొస్తే నోటితో తిడుతుంది, చేత్తో ఏదీ విసిరెయ్యదు. ఇన్నేళ్లలో ఒక గ్లాసు విసిరెయ్యగా చూశారా మీరు?"

ఆయన ఆలోచించాడు. చూడలేదు.

"ఒకసారి వెళ్లి చూసి రండి. గంటన్నర దారి."

"రేపు వెళ్తాను."

"రేపనకండి. మీకు అటు వెళ్లడానికి మొహం చెల్లట్లేదు. ఆవిడతో పోట్లాడి వచ్చారు, అదీ అసలు సంగతి."

ఆ మాట సూటిగా తగిలింది. తగిలిన మాటకు జవాబు దొరకనప్పుడు మగవాళ్లు చేసే పనే ఆయనా చేశాడు. చెప్పులు తొడుక్కుని, పనుందని వీధిలోకి వెళ్లిపోయాడు.

శుక్రవారం ఎనిమిదిన్నర కావస్తుండగా గది తలుపు తీసేసరికి చిట్టా నిండా వాడే. ఏడింటికి మొదలెట్టాడు. నిన్నటిలా కాదు, మూడు వరసగా, తలుపు మూతపడి తెరుచుకోగానే మళ్లీ మూడు. ఒక్క నిమిషం తేడా లేదు. తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో వాడికి తెలిసిపోయినట్టుంది. తాళాలాయన నిలబడే, మొదటినుంచీ వచ్చినవన్నీ కలిపి లెక్కపెట్టాడు. ముప్ఫై రెండు. చూస్తుండగానే ముప్ఫై ఐదు. లారీ ఆఫీసు యజమాని గొంతు చెవిలో జోరీగలా మోగుతోంది. కౌంటరు గుమాస్తా ఏదో అడగడానికి వస్తే చెయ్యెత్తి ఆపేశాడు. ముప్ఫై ఎనిమిది. తొమ్మిదికి ఇంకా పది నిమిషాలుందనగా నలభై ఒకటి.

"ఇంక చాలు," అన్నాడు పైకే.

కీబోర్డు దగ్గరికి లాక్కుని రెండు వరసలు కొట్టాడు. ఆ ఒక్క చిరునామానే కాదు, దాని చుట్టుపక్కల ఉన్న చిరునామాలన్నింటినీ, ఇల్లు కాదు, వీధికి వీధినే శాశ్వతంగా మూసేశాడు. ఎంటరు నొక్కాడు. చిట్టా ఆగిపోయింది. ఐదు నిమిషాలు చూశాడు, పది నిమిషాలు చూశాడు. ఒక్క వరస పడలేదు. నిన్నటినుంచీ పట్టిన పిడికిలి అప్పుడు వదులైంది. కిందికి దిగి వేడి టీ వేడిగా తాగాడు. గుమాస్తాతో జోకులేశాడు. డాక్టరమ్మకు వినపడేలా, "పీడ విరగడైందండీ!" అన్నాడు. మధ్యాహ్నం అక్క దగ్గరికి వెళ్లాలని, వెళ్తూ వెళ్తూ వైఫై డబ్బా ఒకటి కొనుక్కుపోవాలని కూడా అనుకున్నాడు.

పదకొండు దాటాక గేటు ముందు క్వారీ లారీ ఒకటి ఆగింది. ఆసుపత్రి గేటులోకి లారీలు రావు. వాచ్‌మన్ అరుచుకుంటూ పరుగెత్తాడు. లారీ వెనక తలుపు దించారు. రాళ్లు పోసే ఇనప తొట్టిలో పరుపు పరిచి ఉంది. పరుపుమీద ఒక అమ్మాయి, పట్టుమని ఇరవై రెండేళ్లుండవు, మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. ఆమె పొత్తికడుపుమీద రెండు చేతులూ పెట్టి, బలంకొద్దీ అదిమిపట్టి, మోకాళ్లమీద అక్క. ఏప్రాను నడుము కిందనుంచి ముదురు ఎరుపు. ముందు సీట్లో ఆ అమ్మాయి భర్త, చేతుల్లో దుప్పటి మూట, మూటలో ఏడుపు.

"స్ట్రెచర్ తెండి! రక్తం, ఓ నెగెటివ్, నాలుగు సీసాలు, పరుగెత్తండి!" అరిచింది అక్క. అరుస్తూనే మెట్లమీద నిలబడ్డ తమ్ముణ్ని చూసింది. "నిన్న మధ్యాహ్నంనుంచీ చేస్తున్నానురా. పొద్దున్నుంచీ అయితే చేస్తూనే ఉన్నాను. మోగనే లేదేంరా మీకు?"

స్ట్రెచరు వచ్చింది. డాక్టరమ్మ వచ్చింది. అందరూ ఒక్కసారిగా లోపలికి పోయారు. తాళాలాయన ఒక్కడే మెట్లమీద మిగిలాడు.

తరవాత మేడ ఎలా ఎక్కాడో ఆయనకు గుర్తులేదు. తెరముందు నిలబడి, నిన్న చదివిన చిట్టానే మళ్లీ చదివాడు. బుధవారం పన్నెండున్నర, మొదటి తట్టు. గురువారం మధ్యాహ్నం రెండింటినుంచి నాలుగు. శుక్రవారం ఏడింటినుంచి వరసగా. సొరుగు లాగి డిష్ కంపెనీ కాగితం తీశాడు. దానిమీది చిరునామా, ఆయన మూసేసిన వీధి, ఒకటే. బకెట్టు బోర్లించుకుని కూర్చుండిపోయాడు. దొంగ రాలేదు. అక్క తలుపు తట్టింది.

రెండు గంటలు గడిచాయి. ఆపరేషను గది బయట బల్లమీద అక్క, పక్కన ఆ అమ్మాయి భర్త. చంటిబిడ్డ ఆయా చేతుల్లో పాలు తాగి నిద్రపోయింది. తాళాలాయన వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు, ఆయనకు కూర్చోవాలనీ లేదు.

అంతా చెప్పింది భర్తే, ఎవరూ అడగకుండానే. ఆరింటికి కాన్పయింది, పాపాయి బాగా ఏడ్చింది, అందరూ సంతోషించారు. ఏడయ్యేసరికి రక్తం ఆగట్లేదు. నర్సమ్మ ఒక చేత్తో కడుపు పట్టుకుని ఇంకో చేత్తో ఫోను. తను సిగ్నలు కోసం గుట్టమీదికి పరుగెత్తాడు. గోడమీద రాసి ఉన్న బ్లడ్ బ్యాంకు పాత నంబరుకు చేస్తే, ఆ నంబరు ఇప్పుడు లేదని చెప్పింది. అంబులెన్సుకు చేస్తే వేరే కేసుమీద దూరం వెళ్లిందన్నారు. తొమ్మిదిన్నరకు గాని రాళ్లకి లారీ రాలేదు.

తలుపు తెరుచుకుని డాక్టరమ్మ బయటికొచ్చింది. టోపీ తీసింది.

"బతికింది," అంది. భర్త లేచి నిలబడ్డాడు. "ప్రాణానికి భయం లేదు. కానీ గర్భసంచి తీసెయ్యాల్సొచ్చింది. ఇక పిల్లలు పుట్టరు. ఏడున్నరకి రక్తం బయల్దేరి ఉంటే తియ్యాల్సొచ్చేది కాదు."

భర్త చాలా మర్యాదగా, ఎవరినీ నిందించకుండా, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. "ఫోను ఎందుకు కలవలేదండీ?"

డాక్టరమ్మ తాళాలాయనవంక చూసింది. ఆయన నోరు తెరిచేలోపు అక్క అందుకుంది.

"గాలి బాబూ. నిన్నటినుంచీ మా గుట్టల్లో గాలి చూశావుగా. కప్పుమీద డిష్ పక్కకి తిరిగుంటుంది. మా తమ్ముడు బుధవారం వచ్చి అంతా చూసే వెళ్లాడు, నా ఎదుటే పరీక్ష చేశాడు, మోగింది కూడా. వాడి పనిలో లోపముండదు." తమ్ముడివంక చూడకుండానే అంది. గొంతులో ఎక్కడా కోపం లేదు. పుట్టి బుద్ధెరిగాక అక్క తనని ఎవరి ముందైనా మెచ్చుకోవడం ఆయన వినలేదు. ఇన్నేళ్లకు ఇప్పుడు విన్నాడు.

డాక్టరమ్మ తలాడించింది. ఆవిడ నమ్మింది. ఆ చిట్టా చదవగలిగినవాడు ఈ భవనం మొత్తానికి ఒక్కడే. ఊరుకుంటే చాలు, అది గాలి చేసిన పని అయిపోతుంది. లారీ ఆఫీసులో డ్రైవర్ల ముందు నిలబడ్డ రోజు ఆయనకు గుర్తొచ్చింది. ఊరుకోవాలని చాలా అనిపించింది.

"డిష్ బాగానే ఉందక్కా," అన్నాడు.

అందరూ ఆయనవైపు తిరిగారు.

"గాలి కాదు. ఆరోజు నువ్వు తిడుతుంటే పాస్‌వర్డులో ఒక అక్షరం తప్పు కొట్టాను. నీ తప్పు కాదు, నాది. ఇక్కడినుంచి అక్కడికి మోగితే చాలనుకుని, అక్కడినుంచి ఇక్కడికి చేసి చూడలేదు. నీ ఫోను ప్రతిసారీ ఇక్కడిదాకా వచ్చింది. నేను దొంగనుకున్నాను. నువ్వు చేసినప్పుడల్లా నా సర్వరు తలుపు మూసింది. పొద్దున తొమ్మిదికి నేనే శాశ్వతంగా మూసేశాను." అక్కవైపు ఒక అడుగు వేసి మళ్లీ అన్నాడు. "మొత్తం నలభై ఒక్కసారి వచ్చిందక్కా."

అక్క తన చేతులవంక చూసుకుంది. గోళ్ల కింద ఇంకా ఎరుపు పోలేదు.

"నలభై ఒక్కసారా?" అంది మెల్లగా. "నాకు తెలీదురా. చేతులు ఖాళీ లేక చివర్లో మోచేత్తో నొక్కాను." తలెత్తి మొదటిసారి తమ్ముడి కళ్లలోకి చూసింది. "నువ్వు ఇక్కడ లెక్కపెడుతూ కూర్చున్నావా?"

"అవునక్కా."

భర్త ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పాస్‌వర్డు సంగతి ఆయనకు బోధపడలేదు గానీ ఈ చివరి మాట బోధపడింది. ఆయా చేతుల్లోంచి పాపాయిని తీసుకుని, బల్లమీద నర్సమ్మ పక్కన కూర్చోకుండా, వరండా అవతలి చివరికి నడిచి వెళ్లిపోయాడు.